అతుకు వెల్డింగులో కాదు, కత్తెర దగ్గరే కుదరాలి

పాత కారు పెయింటు కింద గోరంత బొబ్బ కనిపిస్తే, రేకు వెనక అరచేయంత తుప్పు ఉందనే అనుకోండి. తుప్పు ఎక్కువగా లోపలి నుంచి బయటికి తింటూ వస్తుంది. ఆ తిన్న భాగాన్ని కోసేసి, కొత్త రేకు ముక్క (ప్యాచ్) వెల్డింగుతో అతకాలి. కొలతలు వేసే ముందు పెయింటు గీకి, సన్నమూతి సుత్తితో తట్టి చూడాలి. మంచి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మెత్తగా దిగుతుంది. తుప్పు ఆగిన చోటు నుంచి కనీసం 25 మిల్లీమీటర్లు మంచి రేకులోకి జరిగి కోతకు గీత గీయండి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పలచబడ్డ అంచు ఆర్క్ (వెల్డింగు మెరుపు) తగలగానే కరిగి చిల్లు పడుతుంది, దాన్ని పూడ్చబోతే పక్కన ఇంకోటి.

గీత ఎక్కడ గీస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. చదునైన ప్యానెల్ నడిమధ్యలో అతుకు వేస్తే అది వంకర పోవడం ఖాయం. మడత దగ్గరకో, అంచు దగ్గరకో జరిపితే ఆ వంపే రేకును బిగబట్టి ఉంచుతుంది. మూలలు గుండ్రంగా ఉంచండి, 12 మిల్లీమీటర్లకు తగ్గకుండా. వెనక్కి చెయ్యి, డాలీ (సుత్తి దెబ్బకు వెనక ఆనించే ఇనప దిమ్మ) రెండూ దూరే చోటైతే మరీ మంచిది. ఎందుకో కింద చెబుతాను. డోరు కింది సిల్ కోస్తుంటే ముందు డోరు గుమ్మానికి అడ్డంగా ఇనప పైపు వెల్డ్ చేసి బిగించాలి. లేదంటే బాడీ కుంగి, తర్వాత డోరు పట్టదు.

ప్యాచ్ రేకు మందం అసలు రేకుతో సమానంగా ఉండాలి. శుభ్రం చేసిన చోట మైక్రోమీటరుతో కొలవండి. చాలా కార్లలో 0.8 నుంచి 1 మిల్లీమీటరు, కొన్ని పాతవాటిలో 1.2 వరకు ఉంటుంది. బలంగా ఉంటుందని మందం రేకు వేస్తే, అది వేడెక్కేలోపు పాత అంచు కాలిపోతుంది.

ప్యాచ్ ముందు, కోత తర్వాత. ఈ వరస తప్పకూడదు. అట్టముక్కతో నమూనా తీసి, రేకు కత్తిరించి, వంపు పూర్తిగా కుదిరాకే దాన్ని కారు మీద పెట్టి చుట్టూ సూదితో గీయాలి. గీతకు 1 మిల్లీమీటరు లోపలగా కోసి, మిగిలింది ఆకురాయితో గీత దాకా తేవాలి. మిగ్ వెల్డింగుకు (వైరు దానంతటదే వచ్చి కరిగే పద్ధతి) 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల సందు కావాలి. హ్యాక్సా బ్లేడు మందం దాదాపు అంతే, కాబట్టి దాన్ని చుట్టూ తిప్పితే ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ వదులవుతుందో వెంటనే తెలుస్తుంది. సందు లేకపోతే వేడికి సాగిన అంచులు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. ఎక్కువైతే లోహం ఎక్కువ పోయాలి, ముడుచుకోవడమూ ఎక్కువే. టిగ్ (కరగని టంగ్‌స్టన్ మొనతో చేసే వెల్డింగు) అయితే సందే ఉండకూడదు.

మిగ్ వెల్డింగుకు 0.6 మిల్లీమీటర్ల వైరు, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు తీసుకోండి. ముందు అదే మందం తుక్కురేకు మీద సెట్టింగ్ చూసుకోవాలి. వెల్డు చుక్క వెనకవైపు కూడా కొద్దిగా ఉబ్బి కనిపిస్తే సరిగ్గా దిగినట్టు. మొదటి ట్యాకులు (ప్యాచ్‌ను పట్టి ఉంచే వెల్డు చుక్కలు) 25 నుంచి 30 మిల్లీమీటర్ల దూరంలో, ఒకటి ఇటు వేస్తే రెండోది ఎదురుగా. ప్రతి ట్యాకు తర్వాత రెండు రేకులూ ఒకే మట్టంలో ఉన్నాయా అని వేలితో తడమండి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే ఆ ఖాళీల మధ్యలో తర్వాతి చుక్కలు వేయాలి. ఇలా సగానికి సగం తగ్గించుకుంటూ పోతే చుక్కలు కలిసి గీతవుతాయి. ఏకబిగిన లాగిన వెల్డు చూడ్డానికి అందంగా ఉంటుంది, ప్యానెల్‌ను మాత్రం నాశనం చేస్తుంది.

కారణం ఇదీ. ఎర్రబడ్డ లోహం సాగాలని చూస్తుంది, చుట్టూ చల్లగా ఉన్న రేకు సాగనివ్వదు. దాంతో అది అక్కడికక్కడే మందమవుతుంది. చల్లారేటప్పుడు ముందున్న దానికంటే కురచవుతుంది. కురచైన గీత రెండు పక్కలా రేకును లాగి ముడత వేస్తుంది. దీనికి మందు ఒక్కటే, కురచైనదాన్ని మళ్లీ సాగదీయడం. వెనక డాలీ ఆనించి, సరిగ్గా వెల్డు మీదే చిన్న చిన్న దెబ్బలు వేయాలి. ముందు వెల్డును రెండు వైపులా రేకు మట్టానికి దగ్గరగా అరగదీయాలి, లేకపోతే డాలీ ఆనదు. వెనక్కి చెయ్యి దూరాలన్నది ఇందుకే. అది కుదరని మూసిన భాగాల్లో పుట్టీ తప్పదు.

గ్రైండింగ్‌లోనూ వేడి పుడుతుందని మరిచిపోవద్దు. రేకు నీలం రంగుకు తిరిగిందంటే ఒకే చోట ఎక్కువసేపు ఆపారన్నమాట. వెల్డు ఒక్కటే అరగాలి, పక్క రేకు పలచబడకూడదు.

ఫ్లోర్ రేకులకు మాత్రం ఒకదాని మీద ఒకటి వేసి, పైదానికి 6 నుంచి 8 మిల్లీమీటర్ల బెజ్జాలు పెట్టి వెల్డుతో నింపడం సరిపోతుంది. మధ్యలో వెల్డింగుకు పనికొచ్చే జింక్ ప్రైమర్, తర్వాత సీలర్ వేయాలి. బయటి ప్యానెళ్లకు ఈ పద్ధతి వద్దు. మధ్యలో తేమ నిలుస్తుంది.

నిప్పు ముట్టించే ముందు పెట్రోలు ట్యాంకు దించి, బ్యాటరీ తీసేయండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో తుడిచిన రేకు మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అది వాడనే వాడొద్దు. పాత జాయింట్లలో సీసం పోసి ఉంటే గీకి తీసేయాలి, పొడి గాలిలోకి లేవకుండా.

చివరగా చీకటి చేసి, రేకు వెనక బల్బు పెట్టి చూడండి. సూదిమొన అంత వెలుగు ఎక్కడ కనిపించినా అది చిల్లే. పుట్టీ దాన్ని మూసేయదు, తేమను పీల్చుకుని లోపల తుప్పు మళ్లీ మొదలవుతుంది. ఆ చోట ఒక చుక్క వేసి, అరగదీసి, మళ్లీ బల్బు పెట్టండి. వెలుగు రానప్పుడే ఎపాక్సీ ప్రైమర్ డబ్బా తెరవాలి.