చంద్రగిరి గోడకి పట్టిన సమయం

బుధవారం, రాత్రి పదకొండున్నర

ఇవాళ జాతరలో బైరాగి వేషం వేసే రోజు. నిన్న రాత్రి మా తిరుపతి గంగమ్మ జాతర చాటింపు అయింది. పొద్దున ఆరింటికి తలుపు తీసేసరికి ఎదురింటి పిల్లలిద్దరూ ఒంటినిండా నామం సుద్ద పూసుకుని, వేపమండలు పట్టుకుని తాతయ్యగుంట గుడి వైపు పరిగెడుతున్నారు. వాళ్ళని చూసి నవ్వాను కానీ మనసంతా లోపల బల్ల మీదున్న ల్యాప్‌టాప్ దగ్గరే ఉంది. రాత్రి పదింటికి 212 టెక్స్చర్లను, అంటే కంప్యూటర్ ఆటలో గోడల మీదా నేల మీదా పరిచే బొమ్మలను, ఫైలు సైజు తగ్గేలా కుదించమని వరసలో పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి అయిపోయి ఉంటాయనుకున్నాను. చూస్తే 71 మాత్రమే అయ్యాయి. ఎనిమిది గంటలకి 71 అంటే ఒక్కోదానికి దాదాపు ఏడు నిమిషాలు. మిగతావాటికి ఇంకో పదహారు గంటలు. కీబోర్డు మీద చెయ్యి పెడితే దోసె పెనంలా కాలుతోంది.

అసలు ఇదంతా ఎందుకు మొదలైందో రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఒక ఏడాది పోతే నేనే మర్చిపోతాను. నేను స్కైరిమ్ అనే కంప్యూటర్ ఆట ఆడేది స్పెషల్ ఎడిషన్‌లో, 2016లో వచ్చినది. ఆ ఆటలో కొండ మీద ఒక చిన్న కోట కట్టుకుంటున్నాను. ఆ కోట గోడలు చంద్రగిరి గోడలు. చిన్నప్పుడు సెలవులకి చంద్రగిరిలో అవ్వ వాళ్ళ ఇంటికి వెళ్తే సాయంత్రాలు కోటలోనే గడిచేవి. రాజమహల్ మూడంతస్తులు, పక్కన రాణీమహల్ రెండంతస్తులు. రాజమహల్ కట్టడంలో ఎక్కడా కలప వాడలేదని, అంతా రాయి, ఇటుక, సున్నమేనని తాత చెప్పేవాడు. నాకు మాత్రం మహళ్ళకంటే కోటగోడే ఇష్టం. ఆ పెద్ద పెద్ద రాళ్ళ మధ్య సందుల్లో గడ్డి, వాన నీళ్ళు కారి నల్లబడిన చారలు, అక్కడక్కడా తెల్లటి బూజు మచ్చలు. ఆటలో ఎవరో గీసిన రాతిగోడ ఎంత బాగున్నా అది నేను చెయ్యి ఆనించిన గోడ కాదు. అందుకే మార్చి నెలలో మబ్బు పట్టిన రోజులు చూసుకుని రెండుసార్లు వెళ్ళి ఫోటోలు తీశాను. ఎండలో తీస్తే రాళ్ళ నీడలు ఫోటోలోనే అచ్చయిపోతాయి, ఆటలో సూర్యుడు ఇంకో వైపు ఉన్నప్పుడు ఆ నీడ అబద్ధంలా కనిపిస్తుంది. మబ్బు వెలుతురులో ఆ బాధ లేదు.

ఆ ఫోటోలని నాలుగు వైపులా అతుకు కనిపించకుండా కలిపి, 4096 బై 4096 చుక్కల (పిక్సెళ్ళ) సైజులో టెక్స్చర్లుగా చేశాను. అలాంటి ఒక్క బొమ్మ కుదించకుండా ఉంటే 64 ఎంబీ. దూరం నుంచి చూసినప్పుడు వాడటానికి అదే బొమ్మను సగం, అందులో సగం చొప్పున చిన్నవి చేసి వెంట పెడతారు, వాటిని మిప్‌మ్యాప్‌లంటారు. అవి కూడా కలిపితే సుమారు 85 ఎంబీ. నా గ్రాఫిక్స్ కార్డులో ఉన్న మెమరీ నాలుగు జీబీ. కాబట్టి కుదించక తప్పదు. జేపీజీ చేస్తే సరిపోదా అని తమ్ముడు అడిగాడు. సరిపోదు. జేపీజీని కార్డు వాడాలంటే ముందు పూర్తిగా విప్పాలి, విప్పితే మళ్ళీ 64 ఎంబీనే. కార్డు మెమరీలో కూడా కుదించిన రూపంలోనే ఉండి, కావలసిన ముక్కను అక్కడికక్కడ విప్పుకునే పద్ధతులు వేరే ఉన్నాయి. పాతది బీసీ1, కొత్తది బీసీ7. ఆట 2011లో మొదట వచ్చినప్పుడు డైరెక్ట్ఎక్స్ 9 (ఆటకీ గ్రాఫిక్స్ కార్డుకీ మధ్య పనిచేసే సాఫ్ట్వేర్) మీద నడిచేది, అందులో బీసీ7 లేదు. స్పెషల్ ఎడిషన్ డైరెక్ట్ఎక్స్ 11 మీద నడుస్తుంది కాబట్టి వాడుకోవచ్చు.

రెండూ బొమ్మను నాలుగు బై నాలుగు, అంటే పదహారు చుక్కల గళ్ళుగా కోస్తాయి. బీసీ1 ఒక్కో గడికి ఎనిమిది బైట్లు ఇస్తుంది: రెండు రంగులు, వాటి మధ్యలో మరో రెండు, అంతే. గడిలో ఎన్ని ఛాయలున్నా ఆ నాలుగింటిలోనే సర్దుకోవాలి. నా గోడ మీద నల్లచారలు బూడిద రంగులోకి మెల్లగా కలిసే చోట బీసీ1 మెట్లు మెట్లుగా చేసింది, చూసి ప్రాణం ఉసూరుమంది. బీసీ7 గడికి పదహారు బైట్లు ఇస్తుంది, పైగా ఎనిమిది రకాల పద్ధతుల్లో ఆ గడికి ఏది బాగా నప్పుతుందో ఎంచుకోనిస్తుంది. గడిని రెండు మూడు భాగాలుగా విడదీసి ఒక్కో భాగానికి విడిగా రంగులు ఇవ్వొచ్చు, ఎలా విడదీయాలన్నదానికి కొన్ని పద్ధతుల్లో 64 నమూనాలున్నాయి. విప్పేటప్పుడు ఇదంతా చిటికెలో అయిపోతుంది. కుదించేటప్పుడు మాత్రం ఒక్కో గడికి అన్నీ వేసి చూసుకోవాలి. 4096 బొమ్మలో గళ్ళెన్ని? పదిలక్షల నలభై ఎనిమిది వేల చిల్లర. మిప్‌మ్యాప్‌లతో దాదాపు పద్నాలుగు లక్షలు. అందువల్ల బీసీ7 నిదానంగా సాగడం సహజమే. కానీ ఏడు నిమిషాలు సహజం కాదని నాకు అనిపిస్తూనే ఉంది.

తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని షాపుకి వెళ్ళాను. జాతర వారం కదా, ఫ్లెక్సుల పని గొంతు దాకా ఉంది. నాయన అప్పటికే రెండు రోల్స్ ఎక్కించి ఉన్నాడు. నేను షాపు కంప్యూటర్లో డిజైన్లు చేస్తూ, పక్కన ల్యాప్‌టాప్‌ను చూస్తూ గడిపాను.

మొదట అనుమానం హార్డ్‌డిస్కు మీదికి పోయింది. ఫోటోలన్నీ బయట తగిలించే పాత డిస్కులో ఉన్నాయి, అది ఎలాగూ నెమ్మది. అన్నిటినీ ల్యాప్‌టాప్ లోపలి ఎస్ఎస్‌డీలోకి మార్చాను. ఆ కాపీకే ముప్పావు గంట. ఒక్క టెక్స్చర్ పెట్టి సమయం చూస్తే ఆరు నిమిషాల యాభై సెకన్లు. తర్వాత యాంటీవైరస్ ప్రతి ఫైలునీ తెరిచి చూస్తోందేమోనని ఆ ఫోల్డర్‌ను మినహాయించాను. ఆరు నిమిషాల నలభై ఎనిమిది. అప్పుడే సరిగ్గా కరెంటు పోయింది. ఇన్వర్టర్ షాపు కంప్యూటర్‌కీ ఫ్యాన్లకీ సరిపోతుంది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పడింది. నేను గమనించకుండా సెట్టింగుల్లో ఇంకోటి మార్చి మళ్ళీ పెట్టాను. పదకొండు నిమిషాలు! ఆ మార్పు వల్లే పాడైందనుకుని వెనక్కి తిప్పాను. కారణం అది కాదు, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంది. ఒక గంట అలా పోయింది. ఇక నుంచి సమయం కొలిచేటప్పుడు ఛార్జరు పెట్టి ఉందా అని ముందు చూడాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఇది పెద్దక్షరాలతో రాసి పెట్టుకుంటున్నాను.

కరెంటు వచ్చాక కాసేపు ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నాను. అసలు ఎవరు కష్టపడుతున్నారో చూడకుండానే మందులేస్తున్నానని అప్పుడు తట్టింది. టాస్క్ మేనేజర్ తెరిచాను. డిస్కు రెండు శాతం. అంటే పొద్దున ముప్పావు గంట కాపీ చేసింది దండగే. ప్రాసెసర్ ఇరవై శాతం లోపు. కింద గ్రాఫిక్స్ చిప్పులు జీపీయూ 0, జీపీయూ 1 అని రెండున్నాయి. సున్నా నంబరుది నిండా నూరు శాతం. ఒకటో నంబరుది సున్నా శాతం. ఒక్క గీత కూడా కదలట్లేదు.

దొరికింది. మా ల్యాప్‌టాప్‌లాంటి వాటిలో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసిపోయి ఉండే చిన్నది, కరెంటు తక్కువ తింటుంది, రోజువారీ పనులకి. రెండోది విడిగా ఉండే పెద్దది, ఆటలకి. నేను వాడే కుదించే టూల్ బీసీ7 పనిని గ్రాఫిక్స్ చిప్పుకే అప్పగిస్తుంది, కానీ ఏ చిప్పు అని నేను చెప్పకపోతే వరసలో మొదటిదాన్ని, అంటే సున్నాను తీసుకుంటుంది. రాత్రంతా చిన్న చిప్పు పద్నాలుగు లక్షల గళ్ళు లెక్కేస్తుంటే పెద్దది పక్కన ఊరికే కూర్చుంది. సెట్టింగుల్లో సున్నా తీసి ఒకటి పెట్టాను. అదే బొమ్మ, అదే డిస్కు, ఛార్జరు పెట్టి. ఇరవై ఐదు సెకన్లు.

నమ్మకం కుదరక ఇంకో రెండుసార్లు పెట్టి చూశాను. ఇరవై ఐదు, ఇరవై ఆరు. కుర్చీలోంచి లేచి బయట టీ తాగి వచ్చాను. అంత సంతోషమేసింది.

మళ్ళీ 212 మొదలుపెట్టబోతుంటే ఒకాయన అన్నదానం ఫ్లెక్సు కోసం వచ్చాడు. ఇరవై అడుగులు బై పది. ఫోన్లో ఫోటో చూపించి, "అన్నా, క్వాలిటీ తగ్గకూడదు, హై క్వాలిటీలో పెట్టు" అన్నాడు. నాయన ముందు అడిగింది, "ఎంత ఎత్తున కడతారప్పా?" అని. రోడ్డుకి అడ్డంగా, రెండో అంతస్తు ఎత్తులో అన్నాడు ఆయన. "అట్లయితే అంగుళానికి 72 చుక్కలు చాలు, కిందనుంచి చూసేవాళ్ళకి తేడా తెలీదు" అని నాకు చెప్పి నాయన మిషన్ దగ్గరికి పోయాడు. విజిటింగ్ కార్డుకి అంగుళానికి మూడు వందల చుక్కలు పెడతాం, ఎందుకంటే దాన్ని చేతిలో పట్టుకుని చూస్తారు. హోర్డింగుకి అంత పెడితే ఫైలు తెరుచుకోదు, చూసేవాడికి ఒరిగేదేమీ ఉండదు. ఈ లెక్క పదేళ్ళ నుంచి నా చేత్తో చేస్తున్నదే. నా కోటలో మాత్రం అన్నిటికీ 4096 పెట్టుకుంటూ వచ్చాను. బురుజు పైన, ఆటగాడు ఎప్పటికీ ఎక్కలేని చోట ఉన్న రాయికి కూడా. నా స్క్రీను 1920 బై 1080. ఆ రాయి స్క్రీను మీద రెండు వందల చుక్కల వెడల్పు ఉంటే గొప్ప. ఆట అప్పుడు వాడేది చిన్న మిప్‌మ్యాప్‌ని, పెద్ద బొమ్మను ఎవరూ చూడరు, కానీ నేను దాన్ని కుదించాలి, డిస్కులో మొయ్యాలి.

కాబట్టి మొదలుపెట్టకుండా జాబితా ముందేసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం తర్వాత షాపులో రద్దీ తగ్గింది, మూడు గంటలు దానిమీదే ఉన్నాను. మొదట కనిపించిన సంగతి నన్ను నిజంగా బాధపెట్టింది. 212లో 118 నావి కావు. చెట్లు, గడ్డి, నేల, వేరేవాళ్ళు ఎంతో ఓపికగా చేసి అందరికీ ఇచ్చిన, ఆటకి అదనంగా తగిలించుకునే మాడ్‌లవి. అవి ముందే బీసీ7లో ఉన్నాయి. నేను వాటిని విప్పి మళ్ళీ బీసీ7లోకే కుదిస్తున్నాను. సమయం పోవడం అటుంచి, ఇలా కుదించిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, జిరాక్సు కాపీకి జిరాక్సు తీసినట్టు. వాళ్ళ పనిని నేనే పాడు చేస్తున్నానన్నమాట. అసలు ఫైళ్ళు విడిగా దాచి ఉంచాను కాబట్టి బతికిపోయాను. ఆ 118 జాబితాలోంచి తీసేశాను.

మిగిలిన 94 నావి. ఒక్కోటీ ఆటలో ఎక్కడుందో చూసి విడదీశాను. ద్వారం పక్క గోడ, మెట్లు, లోపలి గది, అంటే ఆటగాడు ముక్కు ఆనించి చూడగలిగేవి 26. వాటికి 4096 అలాగే ఉంచాను. మిగతా 68 చాలావరకు 2048, కొన్ని 1024. సైజు సగం చేస్తే గళ్ళు నాలుగోవంతు అవుతాయి, సమయమూ మెమరీ కూడా అంతే తగ్గుతాయి. బీసీ7లో 4096 బొమ్మ మిప్‌మ్యాప్‌లతో 21 ఎంబీ, 2048ది ఐదున్నర లోపే. గోడ ఎత్తుపల్లాలు చెప్పే నార్మల్ మ్యాపుల దగ్గర మాత్రం కాసేపు ఆగాను. వాటికని బీసీ5 అనే వేరే పద్ధతి ఉంది, కానీ అందులో రెండు ఛానెళ్ళే, అంటే ఒక్కో చుక్కకి రెండు అంకెలే ఉంటాయి. ఈ ఆట నార్మల్ మ్యాపులో నాలుగోదైన ఆల్ఫా ఛానెల్‌లో ఏ రాయి ఎంత మెరవాలన్నది దాచుకుంటుంది. బీసీ5 చేస్తే అది ఎగిరిపోతుంది. కాబట్టి అవీ బీసీ7లోనే.

ఐదింటికి మొదలుపెట్టాను. పదిహేడు నిమిషాలకి 94 అయిపోయాయి. పొద్దున ఇంకో పదహారు గంటలనుకున్న పని. ముందు నా కోట ఒక్కటే సుమారు రెండు జీబీ తినేది, ఇప్పుడు ఒక జీబీకి లోపే. కొండ మలుపు తిరిగి కోట కనిపించగానే ఆట ఒక్క క్షణం ఆగేది, అది కూడా పోయింది.

ఇంటికొచ్చేసరికి అవ్వ చంద్రగిరి నుంచి వచ్చి ఉంది. జాతరకి ఏటా వస్తుంది, వారం ఉంటుంది. అమ్మ అంబలి కాచింది, మజ్జిగ పోసి, పచ్చి ఎర్రగడ్డ నంజుకుని రెండు గ్లాసులు తాగాను. తర్వాత అవ్వ పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. "అవ్వా, ఇది ఎక్కడో చెప్పు" అన్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని స్క్రీనుకి దగ్గరగా వంగింది. నేను గోడ వెంట మెల్లగా నడిపించాను. నల్లచారలు ఎక్కడా మెట్లు కట్టలేదు, రాయి రాయిలా ఉంది.

"మన కోటే గదరా" అంది. నాకు గొంతు పట్టేసింది. ఇంకాస్త చూసి, వేలు స్క్రీను మీద ఆనించింది. "అబ్బోడా, ఈ తెల్లమచ్చ ఈడుండాది, మళ్ళా ఈడుండాది, మళ్ళా ఆడుండాది. ఒకే మచ్చ ఇన్ని చోట్ల ఎట్లొస్తాదిరా?"

నిజమే. ఒకే టెక్స్చర్‌ని గోడ పొడుగునా పలకల్లా పరిచినప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించేది ఏదైనా ఉంటే అది మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆరు వారాలుగా ఆ గోడను చూస్తున్నాను, నాకు కనపడలేదు. అవ్వకి అర నిమిషంలో కనపడింది. ఆ మచ్చ గుడి వైపు పోయే దారిలో, నడుమెత్తున ఒక్క రాయి మీదే ఉంటుందని కూడా చెప్పింది.

మచ్చను తుడిచెయ్యడం పది నిమిషాల పని, కానీ తుడవాలని లేదు. మచ్చ లేని రాళ్ళతో ఇంకో రెండు టెక్స్చర్లు చేసి గోడంతా కలిపి పరిచి, మచ్చ ఉన్న రాయిని ఒక్కచోటే పెడతాను. దానికి కొత్త ఫోటోలు కావాలి. జాతర అయ్యాక అవ్వను దింపడానికి ఎలాగూ నేనే వెళ్ళాలి. మబ్బు పట్టినా పట్టకపోయినా తెల్లవారుజామునే, ఎండ గోడ ఎక్కకముందే కోటకి పోతాం. ఆ రాయి ఏదో తను చూపిస్తానంది.