అవ్వయైన లోయి

నాన్నమ్మ ప్రభువు దగ్గరకు వెళ్లాక జరిగిన జ్ఞాపకార్థ కూడికలో ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పారు. ప్రార్థనాపరురాలు అన్నారు, సహనమూర్తి అన్నారు. సహనమూర్తి అన్నప్పుడు మా అమ్మ తలొంచుకుని నవ్వు ఆపుకోవడం నేను చూశాను. ముప్ఫై ఏళ్లకు పైగా అత్తగారితో ఒకే ఇంట్లో ఉన్న కోడలు మరి. 91 ఏళ్లు బతికిన మనిషి గురించి మూడు నిమిషాల్లో చెప్పమంటే అలాంటి మాటలే వస్తాయి, ఎవరినీ తప్పుపట్టను. చివర్లో పాస్టర్ గారు రెండో తిమోతి పత్రిక మొదటి అధ్యాయం 5వ వచనం చదివి, ఇంకేమీ చెప్పకుండా కూర్చున్నారు. అప్పటినుంచీ ఆ వచనం నన్ను వదల్లేదు.

అపొస్తలుడైన పౌలు ఖైదులో ఉండి తన శిష్యుడు తిమోతికి రాసిన ఉత్తరం అది, బైబిల్లో ఉంది. తాను వెళ్లిపోయే వేళ దగ్గరపడిందని ఆయనకు తెలుసు. చలికాలం రాకముందే రమ్మని తిమోతిని బతిమాలతాడు. వచ్చేటప్పుడు త్రోయలో కర్పు దగ్గర ఉంచి వచ్చిన అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మంటాడు. అలాంటి సమయంలో ఆయనకు గుర్తొచ్చింది ఒక ముసలావిడ. తిమోతిలో ఉన్న నిష్కపటమైన విశ్వాసం మొదట అవ్వయైన లోయిలో, తల్లియైన యునీకేలో వసించిందని రాస్తాడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో లూకా తిమోతిని పరిచయం చేసినప్పుడు తల్లి విశ్వాసురాలైన యూదురాలనీ, తండ్రి గ్రీసు దేశస్థుడనీ చెప్పి ఊరుకున్నాడు. తల్లి పేరు కూడా చెప్పలేదు, అవ్వ ఊసే లేదు. లోయి పేరు బైబిలు మొత్తంలో ఈ ఒక్క వచనంలోనే ఉంది.

మరి పౌలుకు ఆవిడ సంగతి ఎలా తెలిసింది? తిమోతి ఉన్న లుస్త్ర పట్టణంలో చూసి ఉండొచ్చు. కానీ నాకెందుకో మనవడే చెప్పి ఉంటాడనిపిస్తుంది. ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి దారులు నడిచారు, ఓడలెక్కారు. అన్ని రోజుల్లో ఒక్కసారైనా "మా అవ్వ ఇలా చేసేది" అనకుండా ఉంటాడా? ఆ మాటలు పెద్దాయన మనసులో నిలిచిపోయి, చివరి పత్రికలోకి వచ్చి ఉంటాయి.

అవ్వకు ఇక్కడ గ్రీకులో వాడిన మాట "మామ్మే". కొత్త నిబంధనలో ఆ మాట మరెక్కడా రాదు. మన ఇళ్లల్లో పిల్లలు పిలిచే "మామ్మ"కు ఎంత దగ్గరగా ఉందో చూడండి. రెండింటికీ చుట్టరికం కలపను గానీ, మొదటిసారి తెలిసినప్పుడు భలే సంతోషం వేసింది.

ఇక "వసించెను" అన్న మాట. చుట్టపుచూపుగా వచ్చి పోయింది అనలేదు, కాపురం ఉంది అన్నాడు. ఆదివారం ఆరాధనకు చీర కట్టుకుని బయల్దేరేటప్పుడు మాత్రమే కనబడే విశ్వాసానికి ఆ మాట సరిపోదు. దానికి ముందున్న "నిష్కపటమైన" అన్న మాట ఇంకా గట్టిది. గ్రీకులో అది నాటకంలో వేషం వేసేవాణ్ణి పిలిచే మాటలోంచి పుట్టింది. అంటే వేషం లేని విశ్వాసం. వేషం ఉందో లేదో చెప్పగలిగేది సంఘం కాదు. సంఘానికి కనబడేది వారానికి రెండు గంటలు. ఇంట్లో వాళ్లకు, అందులోనూ ఎవరూ పట్టించుకోని మూల కూర్చుని అన్నీ చూసే చిన్నపిల్లలకు, తెర వెనక ఏముందో తెలుస్తుంది.

నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉన్నప్పటి మాట. ఆ రోజు నాన్నమ్మ అమ్మను ఏదో అంది. మాట గుర్తులేదు, అమ్మ ముఖం గుర్తుంది. రాత్రి కుటుంబ ప్రార్థనకు అందరం చాప మీద కూర్చున్నాం. అమ్మ రాలేదు, వంటింట్లో గిన్నెలు తోముతోంది. నాన్నమ్మ ముసుగు సర్దుకుని, కళ్లు మూసుకుని "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టింది. అంతే, ఆగిపోయింది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. మోకాలి మీద చెయ్యి ఆనించి, మూలుగుతూ లేచి, వంటింటి గుమ్మం దాకా వెళ్లింది.

"అమ్మాయ్, ఇందాక నేనన్నది తప్పే. క్షమించు. రా."

కుళాయి ఆగలేదు. నాన్నమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. రెండు గిన్నెల చప్పుడు అయ్యాక నీళ్లు ఆగాయి. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది, ఇంకా కాస్త దూరంగానే. అప్పుడు ప్రార్థన మళ్లీ మొదటినుంచి మొదలైంది. అర్పణను బలిపీఠం ముందే విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట మత్తయి 5వ అధ్యాయంలో ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. చదవగానే ఇది నేను చూశానే అనుకున్నాను. అలాగని ఆవిడ నోరు ఆ రోజుతో మారిపోలేదు. మళ్లీ అంది, మళ్లీ వెళ్లి ఆ గుమ్మం దగ్గర నిలబడింది. దీర్ఘాయుష్షు ఇచ్చి దేవుడు ఆవిడ చేత చేయించిన పని ఇదేనేమో.

బాల్యంనుంచే నీకు పరిశుద్ధ లేఖనాలు తెలుసని పౌలు తిమోతితో అంటాడు. అక్కడ వాడిన గ్రీకు మాట చంటిబిడ్డకు వాడేది. ఆ బిడ్డకు లేఖనాలు చెప్పిన చేతుల్లో కొత్త నిబంధన లేదు, దాన్ని రాయడం అప్పటికింకా మొదలేకాలేదు. ఇంటి యజమాని గ్రీసు దేశస్థుడు. యూదులు మగబిడ్డకు పసితనంలోనే చేసే సున్నతి కొడుక్కి పెద్దయ్యేదాకా జరగలేదంటే, ఆ ఇంట్లో యునీకే మాట ఎంతవరకు చెల్లేదో ఊహించుకోవచ్చు. చేతిలో లేనిదాని గురించి గొడవపడకుండా, ఉన్నది ఒళ్లో కూర్చున్నవాడికి పెట్టి ఉంటారు తల్లీకూతుళ్లో, అత్తాకోడళ్లో. లోయి ఎవరికి తల్లి అన్నది వచనం చెప్పదు. యునీకే ఆవిడ కూతురే అని మనం అలవాటుగా అనుకుంటాం. మా ఇంటిని తలుచుకుంటే కోడలు కూడా కావచ్చు అనిపిస్తుంది నాకు.

లూకా రెండో అధ్యాయంలో అన్న అనే ప్రవక్త్రి కూడా ఉంది. ఏడేళ్లు పెనిమిటితో కాపురం, తర్వాత బహుకాలం విధవరాలు. మన తెలుగు బైబిలు 84 ఏళ్లు విధవరాలుగా ఉందంటుంది. ఆవిడ వయసే 84 అని చదివేవారూ ఉన్నారు. ఎలా లెక్కేసినా పొడుగాటి జీవితమే. అదే దేవాలయంలో పసివాడైన యేసును ఎత్తుకుని సుమెయోను అనే భక్తుడు దేవుణ్ణి స్తుతించిన మాటలు లూకా నాలుగు వచనాల్లో రాశాడు. అన్న పలికిన మాటలు ఒక్కటీ రాయలేదు. ఉపవాస ప్రార్థనలతో రేయింబగళ్లు ఉన్న మనిషి ఏమని ప్రార్థించిందో మనకు తెలియదు. దేవునికి తెలుసు, బహుశా అంతే చాలు అనుకున్నాడేమో లూకా.

నాన్నమ్మ ప్రార్థనల్లో ఒకదానికి జవాబు నాకింకా కనబడలేదు. ఆవిడ బైబిలు ఇప్పుడు నా దగ్గరుంది. కీర్తనల పుటలు బొటనవేలు తగిలి తగిలి చివర్లు గోధుమరంగుకు తిరిగాయి. సంఖ్యాకాండం మాత్రం కొత్తదిలా ఉంది, పాపం. 71వ కీర్తన 18వ వచనం పక్కన, తల నెరసి వృద్ధునైయుండువరకు నన్ను విడువకుము అన్నచోట, పెన్సిలుతో మా పెదనాన్న పేరులోని మొదటి అక్షరం, దాని కింద తేదీలు. పద్నాలుగు లెక్కపెట్టాను. ఆయన మందిరానికి రావడం మానేసి ముప్ఫై ఏళ్లు దాటింది. సమాధి కార్యక్రమానికి వచ్చి గేటు దగ్గరే నిలబడి వెళ్లిపోయాడు. దీన్ని మంచి ముగింపున్న సాక్ష్యంగా మార్చి చెప్పడం నాకు చేతకాదు.

చివరి రెండేళ్లు ఆవిడకు కాలం కలగాపులగమైపోయింది. నేను ఉద్యోగంలో చేరి పదిహేనేళ్లయినా, ఆవిడకు నేను పరీక్షలకు చదువుకునే పిల్లాణ్ణే. ఒక రాత్రి మంచం పక్కన కూర్చున్నాను. నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, వీడికి చదివింది గుర్తుండేలా చెయ్యి, చెయ్యి వణక్కుండా రాసేలా చూడు" అని ప్రార్థించింది. వణుకుతున్నది ఆవిడ చెయ్యే. ఆమేన్ అన్నాక అడిగింది.

"పరీక్ష ఎప్పుడురా?"

నిష్కపటం గురించి ఇంత రాసినవాణ్ణి, అప్పుడు అబద్ధమే చెప్పాను.

"రేపే నాన్నమ్మా."

"అయితే లైటు తీసేసి పడుకో."