జెడ్ స్కోరూ, ఆరు నిమిషాలూ

“మీరు జెడ్ స్కోర్ అన్న ప్రతిసారీ క్యాప్షన్‌లో ‘సెడ్ స్కోర్’ అని పడుతోంది, గమనించారా?”

నా ఆన్‌లైన్ పాఠం చూసిన తోటి లెక్చరర్ రాసిన మొదటి కామెంట్ ఇది. ఇక్కడ అమెరికాలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను, ఆయనది బయాలజీ. జెడ్ స్కోరంటే ఒక విలువ సగటుకు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె. పాఠం విద్యార్థులకు వెళ్ళేలోపు వేరే సబ్జెక్టు వాళ్ళొకరు చూడాలన్నది మా కాలేజీ పద్ధతి. నాకైతే ఆయన తప్పు పట్టింది పాఠాన్ని కాదు, నా ఉచ్చారణనే అనిపించింది. ఇక్కడివాళ్ళు Z అక్షరాన్ని జీ అంటారు, నిజమే. కానీ జెడ్ అనేది మనమొక్కళ్ళమేనా? బ్రిటన్ వాళ్ళూ, కెనడా వాళ్ళూ అనరూ? అదే జవాబుగా టైప్ చేశాను, పంపకుండా చెరిపేశాను.

ఆ కామెంట్ కింద ఒక ఫైలుంది. మొదటి వీడియో క్యాప్షన్లన్నీ ఆయనే వరుసగా సరిచేసి పెట్టారు. “మీరు ఎలా అంటారో అలాగే అనండి, తెర మీద సరిగ్గా పడితే చాలు. వినపడని పిల్లలకు పాఠమంటే అదే కదా” అని రాశారు. ఆయనకు స్టాటిస్టిక్స్ రాదు. అంత పని ఎందుకు పెట్టుకున్నారో ఇప్పటికీ అడగలేదు.

మన దగ్గర ఇంకొకరి క్లాసులోకి ఎవరైనా తొంగి చూశారంటే అది ఇన్‌స్పెక్షనే. పాఠం ఎలా ఉందని అడిగితే “మీకేంటి మాస్టారూ, బ్రహ్మాండం” అంటాం. నిజంగా చెప్పాల్సింది ఉంటే స్టాఫ్‌రూమ్ ఖాళీ అయ్యాక మెల్లగా చెబుతాం. ఇక్కడ డిపార్ట్‌మెంట్ మొత్తానికి కనబడే డాక్యుమెంట్‌లో, పసుపు రంగు పూసి మరీ రాస్తారు. దీన్ని పారదర్శకత అంటారు. కావచ్చు. నలుగురూ వెళ్ళాక చెప్పడం దాపరికమని మాత్రం నేను ఒప్పుకోను. అలా చెప్పిన మాటలతో బాగుపడ్డ పాఠాలు మన దగ్గర ఎన్ని లేవు?

మిగతా కామెంట్లతో పేచీ లేదు. హిస్టోగ్రామ్ అనే కడ్డీల బొమ్మకు ప్రత్యామ్నాయ వివరణగా ‘గ్రాఫ్ 3’ అని ఉంటే, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే వాళ్ళకు ఏమీ తెలియదు. బొమ్మ ఎటు వాలిందో మాటల్లో చెప్పాలి. తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు కుదరవు. మామూలు సైజు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే వెనక రంగుతో వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలి. ప్రభుత్వ కాలేజీలు ఈ ప్రమాణాలు పాటించాలని 2024లో ఇక్కడి న్యాయశాఖ నిబంధన కూడా తెచ్చింది.

పేచీ అంతా “వీడియో ఆరు నిమిషాలు దాటకూడదు” అన్న దాంతోనే. ఆ ఆరు ఎక్కడిదో నాకు తెలుసు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో దాదాపు 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరును పరిశీలించి, 2014లో ఫిలిప్ గువో బృందం వెలువరించిన అధ్యయనంలోది. వీడియో ఎంత పొడవైనా సగటు చూపరి ఆరు నిమిషాల లోపే ఆగిపోతున్నాడని వాళ్ళు తేల్చారు. కానీ ఆ చూపరుల్లో ఎక్కువమంది ఉచితంగా చేరినవాళ్ళు. నచ్చకపోతే లేచిపోతారు, అడిగేవాళ్ళుండరు. నా క్లాసులో ఫీజు కట్టి, పరీక్ష రాయాల్సిన పిల్లలున్నారు. పెద్ద నమూనాల సగటులు ఎలా పరుచుకుంటాయో చెప్పే సెంట్రల్ లిమిట్ థియరమ్‌ను సగంలో కోస్తే, రెండో ముక్క మొదలయ్యేసరికి మొదటిది మరిచిపోతారు. ఈసారి జవాబు చెరపలేదు, అందరికీ కనబడేలాగే పెట్టాను. ఆయన ఒక బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నారు. ఒప్పుకున్నట్టో, చాలించమన్నట్టో.

ఈ వారం ఆయన పాఠం చూసే వంతు నాది. కణవిభజన దశల మధ్య తేడాను ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే చూపించారు. ఆ రెండు రంగులకూ తేడా తెలియని విద్యార్థులుంటారు, కాబట్టి బొమ్మ మీద పేర్లు కూడా వేయమని రాశాను, వాళ్ళ పద్ధతిలోనే, పసుపు రంగు పూసి. ఇక వీడియో నిడివి పద్దెనిమిది నిమిషాలు. దాని గురించి డాక్యుమెంట్‌లో ఏమీ రాయలేదు. కాఫీకి వెళ్ళినప్పుడు మెల్లగా చెబుతాను.