ధ్యేయవాక్యం కాటా దగ్గర నిలబడాలి

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు పరిశ్రమ నడుపుతున్న మిత్రుడొకరు తమ సంస్థకు మిషన్ స్టేట్‌మెంట్ రాసిపెట్టమని అడిగినప్పుడు, ముందుగా ఆయన కార్యాలయం గోడ మీద ఉన్న వాక్యాన్ని చదివాను. ‘నాణ్యత, నమ్మకం, వినియోగదారుల సంతృప్తే మా ధ్యేయం’ అని ఉంది. అందులో తప్పేమీ లేదు గానీ, అదే పలకను తిరుపతిలోని ఏ లాడ్జీలో తగిలించినా చక్కగా సరిపోతుంది. ఏ సంస్థకైనా సరిపోయే వాక్యం ఏ సంస్థ పనినీ చెప్పదని నా నమ్మకం.

తిరుపతిలోనూ శాఖ ఉన్న అరవింద్ కంటి ఆసుపత్రి ధ్యేయం ఎప్పుడూ నా మనసులో మెదులుతుంది. 1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో ఆ ఆసుపత్రిని ప్రారంభించారు. నివారించదగిన అంధత్వాన్ని నిర్మూలించడమే వారి ధ్యేయం. డబ్బు కట్టగలిగినవారి నుంచి వచ్చే ఆదాయంతో కట్టలేనివారికి కూడా వైద్యం అందించే పద్ధతి ఆ మాటకు తగినట్టుగానే రూపొందింది. కంటిలో అమర్చే కటకాలు విదేశాల నుంచి రావడం వల్ల పేదలకు అందని ధర పలుకుతున్నప్పుడు, 1992లో ఆరోల్యాబ్‌ను నెలకొల్పి వాటిని తామే తయారు చేయడం మొదలుపెట్టారు. ఆసుపత్రికి తయారీ పని ఎందుకని ఎవరైనా అడిగితే, ఆ ధ్యేయంలోనే జవాబు ఉంది.

మా మిత్రుడి పనిలో అసలు పరీక్ష జూన్, జూలై నెలల్లో వస్తుంది. తోతాపురి కాయ ఒక్కసారిగా దిగుబడికి వచ్చినప్పుడు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేటు బయట వరుస కడతాయి. ఎండకు అడుగున ఉన్న కాయ మెత్తబడి, నీరు కారడం మొదలవుతుంది. రైతు ఏ ధరకైనా ఒప్పుకునే స్థితికి చేరుకుంటాడు. 2025లో కిలోకు పరిశ్రమలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంత దిగజారిందో తెలుస్తుంది. అటువంటి రోజున ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పలేని వాక్యం గోడకు అలంకారంగా తప్ప దేనికీ పనికిరాదు.

అందుకే కాటా గుమాస్తాను, మాగిన కాయను ఏరే మహిళలను కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడాం. ‘వచ్చిన రోజే కొంటాం’ అని మేము రాస్తే, యంత్రాల సామర్థ్యం తెలిసిన గుమాస్తా అది జరగని పని అన్నారు, దాన్ని కొట్టేశాం. ‘ఏమీ కలపని గుజ్జు’ అన్న మాటా నిలవలేదు, తీపి కలిపిన గుజ్జు అడిగే కొనుగోలుదారులూ ఉన్నారు మరి. చివరికి మిగిలిన వాక్యం ఇది: ‘మన జిల్లా రైతు పండించిన తోతాపురిని, టోకెన్ మీద రాసిన రోజునే, ఆ టోకెన్ మీద రాసిన ధరకే దింపుకొని, లేబుల్ మీద లేనిదేదీ కలపకుండా గుజ్జు తీసి అమ్మడం మా పని.’

ఇందులో ‘ప్రపంచస్థాయి’ లేదు, ‘అగ్రగామి’ లేదు. రైతు చదివి నిలదీయగలిగిన మాటలే ఉన్నాయి కనుక, దీన్ని కార్యాలయంలో కాకుండా కాటా గది బయట, ట్రాక్టర్ మీద కూర్చున్నవారికి కనిపించేటంత పెద్ద అక్షరాలతో రాయించమని చెప్పాను. సీజన్ ముగిశాక టోకెన్ పుస్తకం తిరగేసి, మాట తప్పిన రోజులు ఉంటే వాక్యాన్ని కాక కొనుగోలు పద్ధతిని ముందుగా సరిదిద్దుకోవడానికి ఆయన అంగీకరించారు.