ఇరవై నిమిషాల విమానం

మా అమ్మాయికి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ నుంచి పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది. టికెట్ ఫోటో వాట్సాప్‌లో పెట్టింది. మాడ్రిడ్‌లో బయల్దేరేది సాయంత్రం 7.30, లిస్బన్ చేరేది 7.50. మా ఆవిడ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూసింది. "ఇరవై నిమిషాలేనా? మన సత్యనారాయణపురం నుంచి బెంజ్ సర్కిల్‌కి ఆటోలో అంతకన్నా ఎక్కువ పడుతుంది కదండీ!"

ముప్పై ఏళ్ళు రైల్వే కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. టికెట్ మీద టైం తప్పంటే మనసొప్పదు. క్యాలెండర్ కాగితం చింపి వెనక లెక్క వేశాను.

రెండు ఊళ్ళ మధ్య గాలి దారిలో సుమారు 500 కిలోమీటర్లు. తిన్నగా గీత గీస్తే మన బెజవాడకీ బెంగళూరుకీ కూడా దాదాపు అంతే. పట్టేది గంటా ఇరవై నిమిషాలు. మరి గంట ఎక్కడ పోయిందంటే, పోర్చుగల్ గడియారం స్పెయిన్ కన్నా గంట వెనక. అదే తిరుగు టికెట్ చూస్తే రెండు గంటల పైచిలుకు కనిపిస్తుంది. అసలు మాడ్రిడ్ లండన్ కన్నా పడమరనే ఉంది, న్యాయానికి లండన్ టైమే ఉండాలి. 1940లో నియంత ఫ్రాంకో హయాంలో గంట ముందుకి జరిపారు. మళ్ళీ వెనక్కి తిప్పిన నాథుడు లేడు.

ఆ గంటా ఇరవై కూడా అంతా ఎగరడం కాదు. విమానం నిలబడ్డ చోటు నుంచి కదిలింది మొదలు, అక్కడ పూర్తిగా ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడటం అందులోవే. ఇదేం కొత్త విద్య కాదు. బెజవాడలో ఆఖరయ్యే బండికి తెనాలి నుంచి ఇక్కడికి ఎంత టైం రాసి ఉంటుందో ఒకసారి టైంటేబుల్లో చూడండి, ఆలస్యం సర్దుకోడానికి మా రైల్వేలోనూ కాస్త ఎక్కువ టైం కలిపి రాస్తారని మీకే తెలుస్తుంది.

ఊరుకోలేక రైలు కోసమూ వెతికాను. రాత్రి బండి ఒకటి ఉండేదట, 2020 మార్చిలో ఆపేశారు. ఇప్పుడు బళ్ళు మారుతూ పగలంతా పోవాలి. రెండు దేశాల పాత లైన్లకీ గేజ్, అంటే పట్టాల మధ్య ఎడం, ఒకటే, 1668 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676. ఎనిమిదే తేడా! పట్టాలు కలిసి ఉండి కూడా రెండు రాజధానుల మధ్య ఒక్క నేరు బండి నడపలేకపోవడం నాకు మింగుడుపడలేదు.

మేలో ఆ రోజు, మనకి రాత్రి 11కి విమానం కదిలింది. 12.20 దాటినా ఫోన్ లేదు. మా ఆవిడ టెన్షన్‌తో మూడుసార్లు మంచినీళ్ళు తాగింది. 12.40కి మోగింది. "దిగాను నాన్నా, ఇక్కడింకా వెలుతురుంది. ఎయిర్‌పోర్ట్ ఊళ్ళోనే, మెట్రో ఎక్కేస్తున్నా."

ఆఫీసు నుంచి ఆరింటికి బయటపడగానే ఫోన్ చేయడం దాని అలవాటు. మాడ్రిడ్‌లో ఉన్నప్పుడు మాకది రాత్రి 9.30. ఇప్పుడు 10.30. పదింటికల్లా పడుకునే మా ఆవిడ, నిద్ర ఆపుకోడానికి మర్నాటి దొండకాయలు తరుగుతూ కూర్చుంటోంది.