బార్ లైన్లు లేని పాట కోసం లూవెన్ వెళ్లొచ్చా

బ్రస్సెల్స్ నుంచి లూవెన్‌కి ట్రైన్‌లో అరగంట కూడా పట్టదు, దిగీ దిగగానే వాన పట్టుకుంది. యూరప్ పాతకాలపు సంగీత నొటేషన్ చూసి పాడే రెండ్రోజుల వర్క్‌షాప్, ఎవరైనా రావచ్చంటే చిన్నప్పుడు కాకినాడలో నేర్చుకున్న నాలుగేళ్ల సంగీతం ధైర్యంతో పేరిచ్చేశా.

తీరా చూస్తే పన్నెండు మందికీ కలిపి స్టాండ్ మీద ఒకటే పుస్తకం. 1502లో వెనిస్‌లో పెత్రుచ్చి అనే ముద్రాపకుడు అచ్చేసిన మోటెట్ల (చాలా గొంతులు కలిసి పాడే భక్తి పాటల) పుస్తకంలో మొట్టమొదటిది, జోస్కాన్ దె ప్రే కట్టిన ఆవే మరియా, దాని పేజీల్నే పెద్దవి చేసి పెట్టారు. ఎడమ పేజీలో పైన సూపీరియస్ (అన్నిటికన్నా పై గొంతు) కింద నేను పాడే టెనార్, కుడి పేజీలో పైన ఆల్టో కింద బాస్, ఎవరి పార్ట్ వాళ్లదే, తాళం లెక్కని ముక్కలుగా విడదీసే బార్ లైన్ అన్న మాటే లేదు. రెస్ట్ అంటే ఓ నిలువు గీత, అది ఎంత పొడుగుంటే అంతసేపు నోరు మూసుకోవాలి. పిచ్ మాత్రం అందరి గొంతులకీ సరిపడా చూసుకుని మొదలెడతారు, మనం శ్రుతి పెట్టుకున్నట్టే, ఇదొక్కటే నాకు ఈజీగా అనిపించింది.

తాళం అంటే చెయ్యి కిందకీ పైకీ, అంతే. మేం ముందున్నవాళ్ల భుజం మీద తట్టుకుంటూ పాడాం. నేను అలవాటుకొద్దీ వేళ్లు లెక్కెడుతుంటే వెనకున్న పెద్దాయన చూసి బ్రేక్‌లో ఆదితాళం నేర్పించుకున్నాడు.

అసలు బోల్తా పడింది మధ్యలో, లెక్క మూడుకి మారే చోట. అక్కడ సూపీరియస్ పాడిందే టెనార్లం ఐదో స్వరం కింద, ఒక్క దెబ్బ ఆలస్యంగా అందుకోవాలి. నేనేమో లేటయ్యాననుకుని గబగబా సర్దుకుని వాళ్లతో కలిసిపోయా, చూసుకోడానికి అందరి పార్టులూ ఒకేచోట ఉండే స్కోరా పాడా, మూడుసార్లూ అదే తంతు. నేర్పించే మేడమ్ నవ్వేసి "వాళ్లూ కరెక్టే, మీరూ కరెక్టే, సర్దుకోకండి" అన్నారు. నాలుగోసారి కళ్లు మూసుకుని భుజం మీది దెబ్బనే నమ్ముకున్నా, గట్టెక్కా.

మర్నాడు మెకెలెన్‌లో హోఫ్ వాన్ బుస్లైడెన్ మ్యూజియంకి పోయా, అలమిరే అనే పాతకాలపు సంగీత లేఖకుడి వర్క్‌షాప్‌లో చేత్తో రాసిన కోయర్ (బృందగానం) పుస్తకం అక్కడుంది. అలమిరే అనే పేరే ఎ అనే స్వరం, దాన్ని పాడే లా మి రే అక్షరాలు కలిపింది, పైగా ఆయన ఎనిమిదో హెన్రీకి గూఢచారి పని కూడా చేశాడట! అద్దం ముందు నిలబడగానే కళ్లు వాటంతటవే ఎడమ పేజీ కిందకి పోయాయి, టెనార్ కోసం. ఎప్పుడు మొదలైందో గానీ నా వేలు అద్దం మీద తాళం వేస్తోంది, గార్డు అలా చూసేసరికి చెయ్యి జేబులో పెట్టేసుకున్నా.