మావయ్య దస్తావేజు, మ్యూనిక్‌లో కోడు

మ్యూనిక్‌లో ఉద్యోగంలో చేరిన రెండో నెలలో, నేను ఎంతో శ్రద్ధగా తిరగరాసి పంపిన ఒక ఫైలును మా బృందంలోని పెద్దాయన రివ్యూలో వెనక్కి పంపారు. అది సీ భాషలో ఇరవయ్యేళ్ళుగా పెరుగుతూ వచ్చిన, లక్షల పంక్తుల కోడు. అందులో ఏ ఫంక్షన్ తెరిచినా, పిలిచిన పని నెరవేరిందో లేదో దాచుకునే వేరియబుల్ పేరు ఆర్‌సీయే; రిటర్న్ కోడ్ అన్నదానికి అది పొట్టి పేరు. నేను ఆ పొట్టి పేర్లన్నీ తీసేసి, చదవగానే అర్థమయ్యే నిండు పేర్లు పెట్టి, పొడుగాటి ఫంక్షన్‌ను నాలుగు చిన్న ఫంక్షన్లుగా విడదీశాను. విడిగా చూస్తే నా ఫైలు బాగుందనీ, మిగిలిన ఫైళ్ళ మధ్య పెడితే మాత్రం తాను ప్రతి పంక్తి దగ్గరా ఆగవలసి వస్తోందనీ ఆయన రాశారు. నాకు అప్పటికి సగమే పట్టుబడిన అక్కడివాళ్ళ భాషలో వాదించలేక ఊరుకున్నాను. కొత్తవాడి మాటకు ఇక్కడ విలువ లేదనుకున్నాను; ఆ బాధ చాలాకాలం పోలేదు.

ఆ మరుసటి వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు, చీపురుపల్లిలో దస్తావేజులు రాసే మావయ్య దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను. ఆయన ఒక క్రయ దస్తావేజు రాస్తున్నారు. రాసి ఇచ్చేవారు, రాయించుకునేవారు, ప్రతిఫలం, చివర షెడ్యూలు. షెడ్యూలులో సర్వే నంబరు, ఎకరాల్లో సెంట్లలో విస్తీర్ణం, ఆ తరవాత తూర్పు మొదలుకొని నాలుగు హద్దులు. ఇంత పాత మాటలెందుకు, కొన్నవాళ్ళకు అర్థమయ్యేలా మామూలుగా రాయకూడదా అని అడిగాను.

“నువ్వు చదివేది ఒక్క కాగితం బాబూ. ఆ ఆఫీసులో ఆళ్ళు రోజంతా ఇవే చదువుతారు. ఉండాల్సింది ఉండాల్సిన చోట ఉంటే కన్ను ఆగదు. ఒక హద్దు తప్పితే, తప్పిందని ఎంటనే తెలిసిపోతాది” అన్నారు.

ఆయన చివరి మాట నాకు అక్కడే నాటుకుపోయింది. అంతకుముందు చలికాలంలో, రాత్రిపూట వచ్చే ఫిర్యాదులు చూసే వంతు నాదైనప్పుడు, ఎన్నడూ తెరవని ఒక మాడ్యూల్‌లో, అంటే కోడులోని ఒక విడి భాగంలో, తప్పు వెతకవలసి వచ్చింది. దాన్ని రాసినవారెవరో నాకు తెలియదు, అడగడానికి ఆ వేళ ఎవరూ మేలుకొని లేరు. అయినా గంటలోపే తప్పు దొరికింది. ప్రతి పిలుపు తరవాతా ఆర్‌సీని పరీక్షించే ఆ కోడులో, ఒక్కచోట ఆ పరీక్ష లేదు. అన్నీ ఒకే తీరున ఉన్నాయి కనుకనే ఆ లోటు కంటికి తగిలింది. ఒక్కొక్కరూ తమకు నచ్చిన పేరు పెట్టుకొని ఉంటే ఆ ఖాళీ నాకు ఖాళీగా కనిపించేదే కాదు. ఏ ఆచారం నన్ను పరాయివాణ్ణి చేసిందని నొచ్చుకున్నానో, ఆ రాత్రి ఎవరి పరిచయమూ లేని నాకు తోవ చూపింది ఆ ఆచారమే.

పైథాన్ భాష కోసం 2001లో వెలువడిన, కోడు ఏ తీరున రాయాలో చెప్పే పెప్ 8 కూడా, తన నియమాలకన్నా ఒక ప్రాజెక్టు లోపలి ఏకరూపతే ముఖ్యమనీ, ఒక మాడ్యూల్ లోపలి ఏకరూపత అంతకన్నా ముఖ్యమనీ చెబుతుంది. మరో చిక్కు కూడా ఉంది: పేర్ల కోసం ఫైలంతా మారిస్తే, కోడు మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో, ఏ పంక్తిని ఎవరు ఎందుకు రాశారో చెప్పే గిట్ బ్లేమ్‌లో అసలు కారణాలు మరుగునపడి, మార్చినవాడి పేరే కనిపిస్తుంది.

అయితే ఆచారమన్నది ఎప్పుడూ చదివేవాడి పక్షానే ఉంటుందని నేను ఒప్పుకోను. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, బడిపిల్లలకు అందని గ్రాంథిక భాష మీద దశాబ్దాలపాటు పోరాడారు. ఆ గెలుపు లేకపోతే మా తరం చదువు మరోలా ఉండేది. కోడులోనూ కాలం చెల్లిన ఆచారాలున్నాయి. విండోస్‌లో ప్రోగ్రాముకు సందేశంతో పాటు అందే ఒక విలువకు డబ్ల్యూ పారామ్ అని పేరు; అందులోని మొదటి అక్షరం, 16 బిట్ల కాలంలో అది ఒక వర్డ్, అంటే 16 బిట్ల విలువ, అని చెప్పడానికి పెట్టినది. నేటి 64 బిట్ల విండోస్‌లో దాని పరిమాణం 64 బిట్లైనా పేరు అలాగే ఉంది. లక్షల ప్రోగ్రాములు ఆ పేరుమీద ఆధారపడ్డాయి కనుక అక్కడ దాన్ని కదపడం తేలిక కాదు. మా కోడులోనూ పేరు ముందు చేర్చి విలువ రకాన్ని చెప్పే అటువంటి ఉపసర్గలు ఉండేవి. అవి చెప్పే రకం ఒకటి, లోపల ఉన్న రకం మరొకటి. అవి చదివేవాణ్ణి తప్పుదారి పట్టిస్తాయి కాబట్టి, వాటికీ ఆర్‌సీకీ పోలిక లేదు.

సెలవు ముగించుకొని వెళ్ళాక, ఈసారి ఫైలు ముట్టుకోకుండా ముందు రెండు పేజీల ప్రతిపాదన రాశాను. ఆ ఉపసర్గలను నమ్మి మేము నిజంగా పొరబడిన మూడు సందర్భాలను అందులో చూపించాను. పెద్దాయన వాటిలో ఒకటి తన పొరపాటేనని సమావేశంలో అందరి ముందూ చెప్పారు. మూడు వారాల చర్చ తరవాత, కోడు మొత్తంలో ఆ ఉపసర్గలను ఒకే కమిట్‌లో, అంటే గిట్‌లో ఒకే మార్పుగా నమోదు చేసి, మరే మార్పూ కలపకుండా తీసేశాము. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి గిట్ బ్లేమ్ ఇటువంటి కమిట్లను దాటి చూడగలదు కనుక, మా కమిట్‌ను అలా దాటవలసినవాటి జాబితాలో చేర్చాము. ఆర్‌సీ జోలికి ఎవరూ పోలేదు. నేనూ అదే పేరు వాడుతున్నాను.